ఓడల కాలువ దాటిన ఘటం

సముద్రం నుంచి లోపలికి ఓడల కాలువ తవ్వుతారని నేను మొదటిసారి రాసినప్పుడు, ఆ వార్త జిల్లా పేజీలో ఎక్కడో అడుగున పడింది. తర్వాత సర్వేలు జరిగాయి. కాలువ గీత జీడితోటలు వదిలి సరుగుడు తోటల్లోకి జరిగింది. పని ఆగింది, మళ్లీ మొదలైంది. అన్నీ రాశాను.

సర్వేవాళ్లు మా అత్తవారి ఊరొచ్చి, అవతలి ఊరికి దారేదని అడిగితే అందరూ బస్సు దారే చూపించారు. వంతెన అక్కడే కట్టారు. ఏడాదికోసారి అమ్మవారి ఘటం నడిచే పొలంగట్టు కూడా దారేనని ఎవరికీ తట్టలేదు. పక్కనే ఉన్న నాకూ తట్టలేదు.

ఆ గట్టును తెంచిన కాలువలోకి నీళ్లొచ్చి, పండగ దగ్గర పడ్డాక గాని తప్పు తెలిసిరాలేదు. అమ్మవారి పుట్టిల్లు అవతలి ఊరు. పసుపునీళ్ల ఘటాన్ని నా భార్య మేనత్త తలమీద పెట్టుకుని కాలినడకన అక్కడికి తీసుకెళ్లాలి. దారిలో దించకూడదు, ఇంకొకరి తలకు మార్చకూడదు. వంతెన మీదుగా చుట్టూ తిరిగి నడిస్తే ఈ వయసులో ఆవిడ మెడ ఆగదు. ఇక కోడలికి అప్పగించమన్నారు పెద్దలు. ఆ మాటకు మేనత్తకు అన్నం సయించలేదు.

చేపల రేవు నుంచి పడవ తెప్పిద్దామన్నారు అవతలి ఊరి వియ్యాలవారు. పడవెక్కితే దించినట్టు కాదా అని మావాళ్ల సందేహం. కూర్చోకుండా నిలబడితే నడిచినట్టేనని పూజారి తేల్చాడు. ఇక మిగిలింది భయమే. వరి, నువ్వులు పండించే మావాళ్లలో పడవెక్కినవాడు లేడు.

ఆ ఉదయం డప్పుల మధ్య ఆవిడ పడవలో నిలబడింది. చెరోపక్క నా బావమరదులు. పడవ ఊగగానే పెద్దవాడు ఆవిడ చెయ్యి వదిలి పడవ అంచు పట్టుకున్నాడు.

"ఒరే, నన్ను పట్టుకోడానికొచ్చావా, పడవని పట్టుకోడానికా?" అంది ఆవిడ, తల కదపకుండా.

"నువ్వు పడితే అమ్మోరు సూసుకుంతాది అత్తా. నాను పడితే ఎవుడు సూస్తాడు?"

రెండు గట్లమీదా జనం నవ్వారు. ఆవిడకూ నవ్వొచ్చింది. పసుపునీళ్లు తొణికి బుగ్గమీదికి జారాయి. నవ్వులు ఆగిపోయాయి. ఆవిడ కళ్లు మూసుకుంది, ఘటం నిలిచింది. అవతలి ఒడ్డున ఆడపడుచులు ఆవిడ కాళ్లమీద నీళ్లు పోసేసరికి డప్పులవాళ్లకు పూనకం వచ్చినంత పనైంది.

అమ్మవారి పుట్టింట ఘటం ఖాళీ చేశాక నియమం ఉండదు. వంతెన మీదుగా వెళ్లడానికి ఆటో పిలిపించానని ఆవిడతో చెప్పాను.

"ఆటోలో నువ్వెల్లు బాబూ," అంది ఆవిడ, రేవు వైపు నడుస్తూ. "నాను పడవలోనే వస్తాను. ఈసారి కూకుంతాను."