మృదంగం కోసం సూరత్ చుట్టిన రోజు

మా అమ్మాయి మేఘన కూచిపూడి రంగప్రవేశం రెండుసార్లు వాయిదా పడింది. మొదటిసారి లాక్‌డౌన్ వల్ల, రెండోసారి సెకండ్ వేవ్ వల్ల. మూడోసారి ముహూర్తం కుదిరింది గానీ, విజయవాడ నుంచి వాద్యబృందం రావడం కుదరదని తేలిపోయింది. గురువుగారు పాటలన్నీ అక్కడే రికార్డు చేయించి పంపారు. సూరత్ దగ్గర హజీరాలో మేముండే కంపెనీ టౌన్‌షిప్ క్లబ్బు హాల్లో, కొద్దిమంది ముందు, ఆ రికార్డింగుకే మేఘన ఆడాలి. ఇంట్లో ఉన్న చిన్న బ్లూటూత్ స్పీకరుతో సాధన మొదలుపెట్టింది. తరంగం చేసేటప్పుడు ఇత్తడి పళ్లెం అంచుల మీద నిలబడి, మృదంగం ఎలా పలికితే అలా పళ్లేన్ని పాదాలతో కదపాలి. ఒకరోజు సరిగ్గా అక్కడే అడుగు తప్పి పడింది. మడమ పట్టుకుని కూర్చుని, "అమ్మా, పాట వినిపిస్తోంది. మృదంగం మాటలే వినిపించట్లేదు. గుంపులో ఎవరో గొణుగుతున్నట్టుంది" అంది. కళ్లలో నీళ్లు తిరిగాయి దానికి.

అద్దెకిచ్చే సౌండు డబ్బాలు ఎలా ఉంటాయో అంతకు ముందే ఒక పెళ్లిలో విన్నాను. గుండెలు అదిరేలా మోగుతాయి తప్ప దెబ్బకీ దెబ్బకీ మధ్య ఖాళీ ఉండదు. నేను ప్లాంటులో ఇన్‌స్ట్రుమెంటేషన్ ఇంజినీరుని. లాక్‌డౌన్ సాయంత్రాల్లో ఊసుపోక ప్లైవుడ్‌తో రెండు స్పీకరు పెట్టెలు చేసి, ఒక యాంప్లిఫయర్ బోర్డు తెప్పించి, పని అక్కడితో ఆపేశాను. మేఘన పడ్డ రోజునే చెప్పేశాను, రంగప్రవేశానికి సౌండు నాదేనని. మా ఆయన నవ్వి, "విందుకి వంటవాణ్ణి పిలవడం మానేసి పొయ్యి తయారు చేస్తానన్నట్టుంది" అన్నారు. నేను నవ్వలేదు. కార్యక్రమం పై ఆదివారం. స్పీకర్లు, ట్రాన్స్‌ఫార్మర్, కెపాసిటర్లు, సరైన పనిముట్లు, ఏవీ లేవు. ఆన్‌లైన్లో ఆర్డరు పెడితే ఎప్పుడొస్తాయో చెప్పలేని రోజులవి. అందుకని శనివారం సెలవు పెట్టి సూరత్ బయల్దేరాను.

వారాంతాల్లో కంపెనీ బస్సులు నడపడం మానేశారు కాబట్టి రోజంతటికీ కారు మాట్లాడుకున్నాను. పెట్రోలుతో కలిపి రెండున్నర వేలు. డ్రైవరు పరేశ్‌భాయ్ యాభై దాటిన మనిషి, తక్కువ మాట్లాడతాడు. ఎనిమిదింటికి బయల్దేరి, అడాజణ్ మీదుగా తాపీ నది వంతెన దాటి, స్టేషనుకు దగ్గర్లో ఉన్న ఎలక్ట్రానిక్స్ దుకాణాల వీధికి చేరేసరికి గంటంపావు పట్టింది. దుకాణాలింకా తెరవలేదు. మూల మీద బండివాడు వేడి వేడి లోచో పెడుతున్నాడు. శనగపప్పు పిండిని ఆవిరి మీద మెత్తగా ఉడికించి, పైన నూనె, సన్న సేవ్ చల్లి ఇచ్చే సూరత్ ఫలహారం. "నూనె తగ్గించు భాయ్" అన్నాను. "తగ్గిస్తే అది లోచో కాదు బెన్, మందు" అని ఇంకో చెంచా పోశాడు. చెల్లెలా అని వాళ్లు పిలిచే ఆ 'బెన్' అనే మాట వింటే, పోసిన నూనె మీద కోపం రాదు.

మొదట పనిముట్లు కొన్నాను. ఇక్కడ పిసినారితనం పనికిరాదు. వేడి పెంచుకుని తగ్గించుకునే వీలున్న సోల్డరింగ్ ఐరన్, వైరు తోలు ఒలిచే కటింగ్ ప్లయర్, కెపాసిటర్లను కూడా కొలిచే మల్టీమీటరు తీసుకున్నాను. అప్పట్లో మూడూ కలిపి నాలుగు వేల లోపే. ఆ మీటరు డబ్బా అక్కడే విప్పి, పక్క దుకాణంలో కెపాసిటర్లు కొలవడం మొదలుపెట్టాను. మొదట తీసిన రెండూ పైన రాసినదాంట్లో సగం కూడా చూపించలేదు. దుకాణదారు మీటరు వైపు చూశాడు, నా వైపు చూశాడు, లోపలికెళ్లి ఇంకో పెట్టె తెచ్చాడు. అందులోవి సరిగ్గా ఉన్నాయి. లోలోపల నాకు చాలా గర్వంగా అనిపించింది.

స్పీకర్ల దుకాణంలో అసలు యుద్ధం జరిగింది. యజమాని తెల్లజుట్టు పెద్దాయన. నా కొలతలు వినకుండానే పెద్ద అయస్కాంతం ఉన్న స్పీకరొకటి బల్ల మీద ధన్‌మని పెట్టి, "ఐదు వందల వాట్లు బెన్! హాలు ఎగిరిపోతుంది" అన్నాడు.

"హాలు ఎగరక్కర్లేదు కాకా. మా అమ్మాయి ఎగరాలి. మృదంగం వినిపించాలి."

నా సంచిలోంచి బ్యాటరీతో నడిచే బుల్లి యాంప్లిఫయర్ తీశాను. ఫోన్లో గురువుగారు పంపిన తరంగం రికార్డింగు ఉంది. ఇవి కలిపి వినిపించమంటే ఆయన ఒప్పుకోలేదు. లోపల జనం గుమికూడితే కార్పొరేషన్ వాళ్లు జరిమానా వేస్తారన్నాడు. అయితే మెట్ల మీదే విందామన్నాను. నాలుగు రకాల స్పీకర్లు మెట్ల మీద పెట్టించి, ఒక్కొక్కదానికీ అదే ముక్క వినిపించాను. పెద్ద అయస్కాంతం మహారాజు బాగానే గర్జించాడు గానీ అందులో మృదంగం డోలులా ఉంది. ఆరున్నర అంగుళాల కాగితపు కోను ఉన్న మామూలు స్పీకరు దగ్గరికి వచ్చేసరికి నా వీపు నిటారైంది. అయినా నా చెవుల్ని నేను నమ్మాలా అని సందేహం. కారుకి ఆనుకుని నిలబడిన పరేశ్‌భాయ్‌ని పిలిచాను. అటు తిరిగి నిలబడి విని చెప్పమన్నాను. ఏది ఏదో ఆయనకు తెలియకుండా వరస మార్చి వినిపించాను.

"రెండోది" అన్నాడు వెంటనే. "అందులో వాయించేవాడి వేళ్లు కనిపిస్తున్నాయి."

అదే కాగితపు కోను! పెద్దాయన కూడా మాస్కులోంచే నవ్వాడు. దానికి జోడీగా సన్నటి ధ్వనుల కోసం పట్టుగుడ్డతో చేసిన చిన్న ట్వీటరు తనే ఏరి ఇచ్చాడు. "రేకు ట్వీటరు పెట్టకు బెన్, తాళాల చప్పుడు గుచ్చుకుంటుంది" అని సలహా కూడా ఇచ్చాడు. ఆ సలహా ఎంత మంచిదో తర్వాత తాళాలు మెత్తగా పలికినప్పుడు తెలిసింది.

ట్రాన్స్‌ఫార్మరు మాత్రం వీధంతా తిరిగినా దొరకలేదు. నా బోర్డుకు పద్దెనిమిది వోల్టులిచ్చే జంట రాగితీగ చుట్టలున్నది కావాలి. దుకాణాల్లో ఉన్నవన్నీ ఇరవైనాలుగువి. అది పెడితే బోర్డు మాడిపోతుంది. అప్పటికే మధ్యాహ్నమైంది. రాత్రి కర్ఫ్యూ మొదలయ్యేలోపు ఇల్లు చేరాలి. పెద్దాయనే దారి చెప్పాడు. జోల్వాలో మగ్గాల మోటార్లకు చుట్టలు కట్టే రాజేశ్వరి అని ఒకావిడ ఉంది, మీ భాషే మాట్లాడుతుంది, ఆమె తలుచుకుంటే కడుతుంది అన్నాడు. పరేశ్‌భాయ్ వైపు చూశాను. "కూర్చోండి" అని ఇంజను స్టార్ట్ చేశాడు. రింగ్ రోడ్ బట్టల మార్కెట్ల ముందు టెంపోలు మళ్లీ కిక్కిరిసి ఉన్నాయి. ఆ ట్రాఫిక్ చూసి విసుక్కోవాల్సింది పోయి, ఊరు బతికిందనిపించింది. అక్కణ్ణుంచి కడోదరా మీదుగా జోల్వాకి గంట ప్రయాణం.

జోల్వా చేరకముందే దాని చప్పుడు చేరుతుంది. రేకుల షెడ్లలో వందల మగ్గాలు ఒక్కసారిగా కొట్టుకుంటుంటాయి. రాజేశ్వరిగారి దుకాణం రెండు షెడ్ల మధ్య ఉంది. సిరిసిల్ల వైపు నుంచి పెళ్లయ్యాక వచ్చిన కుటుంబం వాళ్లది. భర్త మగ్గం నడుపుతాడు, ఈమె మోటార్ల పని. నలభై ఐదేళ్లుంటాయి. నేను అడిగింది విని, చేతిలో పని ఆపకుండానే తల అడ్డంగా ఊపింది.

"మోటర్లు కడుత మేడం. గిసొంటియి కట్ట."

"ఎందుకండీ?"

"మూడేండ్ల కింద గణపతి పందిట్ల మైకుకు ఒకటి కట్టిచ్చిన. పూజ నడుస్తుంటె గుయ్యిమని ఒకటే మోత. తేనెతుట్టె కట్టినవా రాజక్కా అని గల్లీ గల్లీ నవ్విన్రు. గప్పటిసంది ముట్టలె."

నేను గట్టిగా అరిచి మాట్లాడాల్సి వచ్చింది, మగ్గాల చప్పుడుకి. ఆ మోత ఎందుకొచ్చిందో నాకు తెలుసన్నాను. చుట్లు తక్కువైతే ఇనుము మీద భారం పడుతుంది, రేకులు వదులైతే అవి వణుకుతాయి. "లెక్క నేను వేస్తాను అక్కా, చెయ్యి మీది. మోగితే పేరు నాది పెట్టండి, మోగకపోతే మీది" అన్నాను. తర్వాత ఫోన్ తీసి, పళ్లెం మీంచి పడిపోయిన రోజు మేఘన తీసుకున్న సాధన వీడియో చూపించాను. ఆమె రెండుసార్లు చూసింది.

"పిల్ల మంచిగ ఆడుతుంది. గీ పళ్లెం మీద నిలబడుడే కష్టం" అంది. బల్ల మీద ఉన్న మోటారు పక్కకి జరిపింది. "ఏం సూస్తున్నవ్? జర ఆ రాగితీగె ఇటియ్యి."

మూడు గంటలు మేమిద్దరం తలెత్తలేదు. ఆమె చేతి యంత్రం మీద తీగ చుడుతుంటే ఒక చుట్టు మీద ఇంకో చుట్టు ఎక్కలేదు, దువ్విన జుట్టులా పడింది. నేను వరసకీ వరసకీ మధ్య కాగితం కత్తిరించి ఇచ్చాను. మామూలుగా వేసే చుట్ల కంటే ఎక్కువ వేయించాను. రెండు చుట్టల మధ్య పల్చటి రాగిరేకు అడ్డు పెట్టమంటే, ఎందుకని అడిగి, కరెంటు లైనులోని రొద పాటలోకి రాకుండా అని చెప్పాక తనే అంచులు తాకకుండా పేర్చింది. ఇనుప రేకులు అటొకటి ఇటొకటి దూర్చే పని నాకిచ్చింది. నా గోళ్లు రెండు విరిగాయి. వార్నిష్ పోసి, పెద్ద బల్బు వెలిగే రేకు డబ్బాలో ఆరబెట్టింది. ఈలోగా నాకూ, పరేశ్‌భాయ్‌కీ జొన్నరొట్టె, పచ్చిపులుసు పెట్టింది. రాగికి తూకం ప్రకారం, పనికి విడిగా తీసుకుంటుంది. బేరమాడాల్సిన ధర కాదది.

కరెంటు ఇచ్చే క్షణం వచ్చింది. మీటరులో వోల్టులు సరిగ్గా వచ్చాయి. మరి మోత? చుట్టూ మగ్గాలు కొట్టుకుంటుంటే ఎలా వినడం? రాజేశ్వరిగారు పొడవాటి స్క్రూడ్రైవరు తీసి, దాని మొన ట్రాన్స్‌ఫార్మరు ఇనుము మీద ఆనించి, పిడి చెవి వెనక ఎముకకు నొక్కిపెట్టింది. మోటారు బేరింగుల జబ్బు ఇలాగే కనిపెడుతుందట. కళ్లు మూసుకుంది. ఎంతసేపటికీ తెరవదు.

"పానం లేనట్టున్నది" అంది చివరికి, కళ్లు తెరిచి. "ఏం సప్పుడు లేదు చెల్లె!"

నేను ఆమెను కావలించుకోబోయి, కరోనా గుర్తొచ్చి ఆగిపోయాను. ఆమె ఆగలేదు. మోచేత్తో నా మోచేతిని గట్టిగా పొడిచి పెద్దగా నవ్వింది. కర్ఫ్యూకి చాలా ముందే హజీరా చేరాం.

ఆదివారమంతా బిగింపు పనే. మొదటిసారి కరెంటు ఇచ్చేటప్పుడు వరసలో ఒక బల్బు కలిపాను. ఎక్కడైనా తప్పు కలిపితే బోర్డు కాలకుండా బల్బు వెలుగుతుంది. బల్బు ఒక్కసారి మెరిసి ఆరిపోయింది. అంటే అంతా సవ్యం. స్పీకరుకి చెవి ఆనిస్తే ఏమీ లేదు, నిశ్శబ్దం. మేఘన తరంగం పెట్టింది. మృదంగం గదిలోకి వచ్చి కూర్చుంది. కుడివైపు మీటు వేరు, ఎడమవైపు గంభీరంగా మోగే గుమికి వేరు, మధ్యలో ఖాళీ వేరు. మేఘన వెంటనే వెళ్లి పళ్లెం తెచ్చుకుని ఎక్కింది.

పై ఆదివారం హాల్లో కుర్చీలు దూరదూరంగా వేశారు. గురువుగారు విజయవాడ నుంచి వీడియోకాల్లో చూశారు. మా వంతుకొచ్చిన పాసుల్లో ఒకటి రాజేశ్వరిగారికిచ్చాం, పరేశ్‌భాయ్ వెళ్లి తీసుకొచ్చాడు. తరంగంలో మృదంగం వేగమందుకున్నప్పుడు పళ్లెం అరంగుళం తేడా లేకుండా జవాబు చెప్పింది. మేఘన దిగి నమస్కరించేసరికి హాలు సగమే నిండినా చప్పట్లు మాత్రం నిండుగా వినిపించాయి. "మృదంగం ఎవరు వాయించారు, స్టేజీ వెనకున్నారా?" అని మా మేనేజరు అడిగారు. విరామంలో రాజేశ్వరిగారు మెల్లగా స్టేజీ పక్కకొచ్చి, యాంప్లిఫయర్ పెట్టె దగ్గర వంగి వింది. లేచి, పక్కనున్న నలుగురు అపరిచితులతో, "గీ డబ్బల ట్రాన్స్‌ఫార్మర్ నేనే కట్టిన" అంది, ఒక్కొక్కరికీ విడివిడిగా.

ఆ ఏడాదిన్నరలో మనందరం తలుపు గొళ్లేలనూ, పక్కింటివాళ్ల దగ్గునూ అనుమానించడం నేర్చుకున్నాం. ఆ ఒక్క రోజు మాత్రం ముక్కూమొహం తెలియని ముగ్గురు మనుషులు మాస్కుల్లోంచే నా పనిని తమ పని చేసుకున్నారు. దుకాణంలో వస్తువు కొనుక్కుని వచ్చేస్తే నాకు దొరికేది సౌండు ఒక్కటే. దాన్ని వెతుక్కుంటూ తిరిగినందుకు నాకొక అక్క దొరికింది. మొన్ననే ఫోన్ చేసింది, ఆ గణపతి పందిరి వాళ్లొచ్చి కొత్త ట్రాన్స్‌ఫార్మరు కట్టమని అడిగారట.

ఈ పనికి బయల్దేరే వాళ్లకి ఒక్క మాట: మీ స్పీకరు పెట్టెకు కోసిన గుండ్రటి రంధ్రం కొలతను అట్టముక్క మీద కత్తిరించి వెంట తీసుకెళ్లండి. ఒకే సైజు అని రాసి ఉన్నా ఒక్కో కంపెనీ అంచు ఒక్కోలా ఉంటుంది. నేను తీసుకెళ్లలేదు. ఆ బిగింపు ఆదివారం పొద్దున్నంతా మా ఆయన బాల్కనీలో కూర్చుని, స్పీకరు పట్టేలా ఆకురాయితో ప్లైవుడ్ రంధ్రాలు రాస్తూ, పొయ్యి తయారీ గురించి ఒక్క మాట కూడా ఎత్తలేదు.