వదిన చూపించిన అరుంధతి

వదిన పోయిందని ఆస్పత్రి నుంచి ఫోన్ వచ్చింది. మాట్లాడి పెట్టేశాక నాకు గుర్తొచ్చింది రాజమండ్రిలో ఒక పెళ్లిపందిరి, అక్కడ మా అన్నయ్య ఆమెకిచ్చిన మాట.

మిట్టమధ్యాహ్నం ముహూర్తం. పురోహితుడు దంపతులను పందిరి బయటికి తీసుకొచ్చి, ఆకాశం వైపు వేలు చూపించి, "అరుంధతి కనిపించిందా అమ్మా?" అన్నాడు. ఎండలో నక్షత్రమెక్కడిది? అయినా పెళ్లికూతుళ్లందరూ తలూపుతారు. ఈవిడ మాత్రం, "లేదండీ, నాకేం కనబడలేదు," అంది. అందరూ నవ్వారు. అన్నయ్య ఆమె వైపు వంగి, "చీకటి పడ్డాక నేను చూపిస్తాగా," అన్నాడు. వెనక గొడుగు పట్టుకున్నది నేనే కాబట్టి విన్నాను.

ఆ రోజు చూపించలేదు. ఆ తర్వాతా చూపించలేదు.

అన్నదమ్ములిద్దరం గనుల చదువు కోసం జర్మనీలోని ఫ్రైబర్గ్ వచ్చి ఇక్కడే ఉండిపోయాం. వదిన కాపురానికి వచ్చిన మొదటి శీతాకాలంలోనే ఊరి చివర దిబ్బ ఒక్కతే ఎక్కింది. పాత వెండి గనిలోంచి తవ్విపోసిన రాళ్ల దిబ్బ అది. లైబ్రరీ నుంచి నక్షత్రాల పటం తెచ్చుకుని, వశిష్ఠుడి పక్కన నలుసులా ఉండే అరుంధతిని తనే వెతుక్కుంది. మర్నాడు మా ఇంటికొచ్చి, "దొరికింది మరిదిగారూ," అంది. "ఇక్కడ సప్తర్షులు అస్తమించరట. ఏడాది పొడుగునా పైనే ఉంటారట. మీ అన్నయ్యగారికి ఇక తొందరేం లేదు." అందులో వేళాకోళమెంతో, ఎదురుచూపెంతో నాకప్పుడు తెలియలేదు.

ఆ దిబ్బ మీద ఆమె ఏళ్ల తరబడి శనివారం సాయంత్రాలు నక్షత్రాలు చూపించింది. చలికాలంలో ఇక్కడ ఐదింటికే చీకటి. మొదట్లో ఇరుగుపొరుగు జర్మన్లు వచ్చేవారు. తర్వాత మాస్టర్స్ చదివే మన పిల్లలు ఎక్కువయ్యారు. రాగానే ఫోన్లన్నీ ఆమె గుడ్డసంచిలో పడాలి. చీకటికి అలవాటుపడ్డ కళ్లు చెదరకుండా ఆమె టార్చికి ఎర్ర గాజుకాగితం చుట్టి ఉండేది. ఫ్లాస్కులో మిరియాల చారు.

"మేడం, నాకేం కనిపిస్తలేదు," అన్నాడు ఒకసారి కరీంనగర్ కుర్రాడు.

"నీ కళ్లింకా ఫోన్లోనే ఉన్నాయి నాన్నా. చీకటి కొత్త చుట్టంలాంటిది. కాసేపు కూర్చుంటేగానీ మాట కలపదు."

కొత్తగా పెళ్లయిన జంట వస్తే ఆమెకు పండగే. "పెళ్లిలో అరుంధతి కనిపించిందన్నావా?" అని అమ్మాయిని నిలదీసేది.

"అన్నాను ఆంటీ."

"అబద్ధమాడావన్నమాట. రా, ఇప్పుడు నిజం చేసుకుందువుగాని."

"నేను గూడ ఆడిన మేడం," అని పెళ్లికొడుకు వెనకనుంచి ఒప్పేసుకునేవాడు. ఇద్దర్నీ పక్కపక్కన నిలబెట్టి, దొరికేదాకా వదిలేది కాదు. దొరికాక ఆ పిల్లలు ఒకరికొకరు చూపించుకునే క్షణం కోసమే ఆమె అంత చలిలో నిలబడేదని నా అనుమానం.

నేను చదివిన పుస్తకాలు తక్కువేం కాదు. వెన్నెలను పొగిడినవాళ్లు కోకొల్లలు. చీకటిని కాపాడమని ఇంటింటికీ తిరిగిన మనిషిని మాత్రం ఈమెనే చూశాను. పెరటి లైటుకు పైన రేకు మూత పెట్టించమని బతిమాలేది. "ఆర్పమనడం లేదండీ, కిందికి తిప్పమంటున్నాను. మీకు కావలసింది దారేగా, ఆకాశానికెందుకు?" అనేది. జర్మన్లు తిప్పుకున్నారు. మనవాళ్లతోనే వచ్చింది చిక్కు.

దిబ్బకు ఉత్తరాన మన తెలుగు సంఘం ఒక హాలు అద్దెకు తీసుకుంది. అధ్యక్షుడు మా అన్నయ్య. కార్లు నిలిపే చోట ఎత్తైన స్తంభాలు వేయించి తెల్లటి లైట్లు పెట్టించాడు. చలికాలం సాయంత్రాల్లో సప్తర్షులు ఉత్తరాన బాగా కిందికి దిగి ఉంటారు, సరిగ్గా ఆ లైట్ల మీద. వదిన అడిగితే, "శనివారాలు ఆర్పిస్తాలే," అన్నాడు. కార్యవర్గంలో ఒక పెద్దమనిషి దీపం ఆర్పడం అశుభమన్నాడు. ఏటా పిల్లల పుట్టినరోజుకి కొవ్వొత్తులు ఊదించి చప్పట్లు కొట్టేవాడే ఆయన. లైట్లు ఆరలేదు. దిబ్బ మీదికి వచ్చేవాళ్లు తగ్గిపోయారు.

కిందటి శీతాకాలానికి ఆమెకు జబ్బు ముదిరింది. అన్నయ్యను ఒక్కటే అడిగింది. "ఒక్క సాయంత్రం ఆర్పించండి. ఇంకొక్కసారి చూసుకుంటాను." ఈ శనివారం ఖాయమన్నాడు.

పిల్లలు ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి పైకి మోశారు. కింద హాల్లో ఎవరిదో బారసాల. లైట్లన్నీ వెలుగుతున్నాయి. నేను అన్నయ్యకు ఫోన్ చేశాను.

"మర్చిపోయాన్రా. ఇంతమంది ఉండగా ఇప్పుడెలా ఆర్పుతాం? వచ్చే వారం చూద్దాం, చెప్పు దానికి."

చెప్పక్కర్లేకపోయింది, ఆమె పక్కనే ఉంది. లైట్లకు అడ్డంగా అరచెయ్యి పెట్టుకుని ఉత్తరం వైపు చాలాసేపు చూసింది. చివరికి, "పోదాం మరిదిగారూ, పిల్లలకి చలేస్తోంది," అంది. ఆమె అడిగిన సాయంత్రం ఆ తర్వాత రాలేదు.

మొన్న శనివారం చీకటి పడ్డాక సంఘం వాళ్లు దిబ్బ మీద సంతాపసభ పెట్టారు. ఆమె జ్ఞాపకార్థం అక్కడ ఒక దీపస్తంభం నాటారు. అవును, ఆ దిబ్బ మీదే. దానికి బంతిపూల దండ. అన్నయ్య స్విచ్ వేసి, "మనందరికీ వెలుగు చూపించిన మనిషి," అన్నాడు. చప్పట్లు కొట్టారు. నేను చేతులు కోటు జేబుల్లోంచి తీయలేదు.

సభ అయ్యాక, హానోవర్ నుంచి భర్తతో వచ్చిన కొత్త పెళ్లికూతురు అన్నయ్య దగ్గరికి వెళ్లింది. "అంకుల్, ఆంటీ అరుంధతిని చూపించేవారటగా, ఎక్కడుంటుంది?"

అన్నయ్య ఏమాత్రం తడుముకోలేదు. లైట్ల వెలుగుకి తెల్లగా పాలిపోయిన ఆకాశంలోకి వేలెత్తి, "అదిగో, అక్కడ. కనిపించిందా?" అన్నాడు.

ఆ పిల్ల కళ్లకు అరచెయ్యి అడ్డం పెట్టుకుని కాసేపు వెతికింది. తర్వాత భర్త వైపు చూసి, తలూపింది.

పోయినవాళ్ల పేరు చెప్పి ఉన్నవాళ్లను నిందించకూడదంటారు. నేను నిందిస్తాను. దండ వేసిన స్తంభం కింద, ఏమీ లేనిచోటికి ఇంకా చాచి ఉన్న ఆ చెయ్యి మా అన్నయ్యది.