బైండింగు గదిలో ‘ఏయ్’ ఆగిన రోజు

మారేడ్‌పల్లిలో నేను ప్రూఫులు దిద్దే ప్రెస్సులో బైండింగు పనంతా ఏడుగురు ఆడవాళ్లు చేసేవారు. వాళ్లకు సూపర్‌వైజరుగా నన్ను వేస్తున్నానని ఓనరుగారు చెప్పిన రోజు నా కాళ్లు నేల మీద నిలవలేదు. అంతవరకు ఆ కుర్చీలో ఆడమనిషి కూర్చోలేదు.

మొదటి రోజే ఏదో ఒకటి మార్చి చూపించాలని ఉబలాటం. మధ్యాహ్నం అన్నం డబ్బాలు విప్పుకున్నప్పుడు వాళ్ల మధ్య చాప మీద కూర్చుని, “ఇక్కడ మీకేం ఇబ్బందిగా ఉందో చెప్పండి” అన్నాను. ఫ్యాను గురించో తాగే నీళ్ల గురించో అడుగుతారనుకున్నాను.  అందరిలోకీ పెద్దామె అన్నం డబ్బా పక్కన పెట్టి అంది.

“మిషిన్ ఆయన మమ్మల్ని ‘ఏయ్’ అని పిలుస్తడు. మాకు పేర్లున్నయ్ గద.”

“ఇవాళే ఆయనతో మాట్లాడతాను.”

“జెర ఆగమ్మా. మీరు సుత నన్ను నువ్వనే అంటరు. మీ అమ్మ ఈడుదాన్ని.”

నా చెవులు వేడెక్కాయి. నిజమే. చేరిన నాటి నుంచీ ఆవిడని ‘నువ్వు’ అంటున్నాను, ఒక్కసారీ ఆలోచించలేదు. సిగ్గుతో పాటు ఏదో ఉత్సాహం కూడా కలిగింది. నాతో ఆ మాట ముఖం మీదే అనగలిగింది కదా.

“తప్పయిందండీ” అన్నాను. ఆ ‘అండీ’ వినగానే పక్కావిడ నవ్వాపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

పెద్దామె, నేను కలిసి అచ్చు మిషన్ నడిపే ఆయన దగ్గరికి వెళ్లాం. ఆయన చేతుల సిరా గుడ్డకు తుడుచుకుంటూ విన్నాడు.

“ఏందమ్మా, ఎప్పటిసందో గిట్లనే పిలుస్తున్న. గిప్పుడు ఏం తక్లీఫ్ వచ్చింది?”

పెద్దామె అందుకుంది. “ఇంట్ల నిన్ను ఏయ్ అంటే పలుకుతవా? రేపటిసంది మేం సుత పలుకం.”

మర్నాడు పొద్దున్నే మిషన్ గదిలోంచి కేక. “ఏయ్, ఫారాలు తీస్కపోండి!”

ఎవరూ తల ఎత్తలేదు. సూదులు కుట్టుకుంటూ పోతున్నాయి. మళ్లీ కేక. కుట్టాల్సిన ఫారాలు, అచ్చయిన పెద్ద కాగితాలు, అక్కడ పేరుకుపోతున్నాయని తెలుస్తూనే ఉంది. మిషన్ ఆగింది. ఆయనే గుమ్మం దాకా వచ్చి, గొంతు సవరించుకున్నాడు.

“అక్కా, ఫారాలు జెర తీస్కపోతరా?”

“వస్తున్న తమ్మీ” అని పెద్దామె లేచింది.

చప్పట్లు కొట్టబోయి, చేతిలోని పెన్సిల్‌ని గట్టిగా పట్టుకున్నాను.

ఆ తరవాత కూడా ఆయన అప్పుడప్పుడు నోరు జారేవాడు. వాళ్లు పలికేవారు కాదు, ఆయనే దిద్దుకునేవాడు. నిజం చెప్పాలంటే, ‘మీరు’ అనడం నా నాలుకకి అలవాటు కావడానికే ఎక్కువ రోజులు పట్టింది.

ఆయన మొదటిసారి ‘అక్కా’ అన్న రోజు సాయంత్రం ఇంటికెళ్లే రైల్లో పక్కనున్న ముక్కూమొహం తెలియనావిడకి ఇదంతా పూసగుచ్చినట్టు చెబుతూ కూర్చున్నాను. నేను దిగాల్సిన మల్కాజ్‌గిరి ఎప్పుడు దాటిందో చూసుకోలేదు. తరవాతి స్టేషన్‌లో దిగి, నాలో నేను నవ్వుకుంటూ వెనక్కి నడిచాను.