అలయ్ బలయ్‌కు అందని మెడ

ఒక దసరా సాయంత్రం నా మెడను కాపాడుకోబోయి, కుదిరిన పెళ్ళినీ, కాబోయే మామగారి మర్యాదనూ, దాదాపు నా ప్రాణాన్నీ కలిపి ఒకేసారి పత్తికుప్పలో పడేశాను. భైంసాలో ఇప్పటికీ నా పేరు చెబితే ఎవరూ గుర్తుపట్టరు. "గా పత్తిల వడ్డ పిల్లగాడు" అంటే మాత్రం దగ్గరుండి ఇల్లు చూపిస్తారు. మీరు నవ్వడానికి మొహమాటపడకండి. మా ఇంట్లో ఇంతవరకూ ఎవరూ మొహమాటపడలేదు.

నాకు నిర్మల్‌లో ఒక ఫోటో స్టూడియో ఉంది. నేనూ, నా దోస్తు ఖలీల్ కలిసి నడుపుతాం. పెళ్ళిళ్ళలో జనం మెడలు తిప్పించడమే మా బతుకుతెరువు. "తల జర ఎడమకు, అగో, గట్లనే ఉండుండ్రి" అని ఎంతమంది పెళ్ళికొడుకుల చేత మెడలు వంపించానో లెక్కలేదు. నేను మాత్రం కుదురుగా ఒకచోట నిలబడే రకం కాదు. చాయ్ చెప్పి, అది కాగేలోపు బస్టాండు దాకా పోయి వస్తాను. వచ్చాక చల్లారిందని చాయ్‌వాలాతో తగవు పెట్టుకుంటాను.

అలాంటి నాకు తలనొప్పులు మొదలయ్యాయి. ఇక్కడి డాక్టరు బీపీ చూసి, "ముప్పై గూడ దాటలే, గింత బీపీ ఏంది?" అని కరీంనగర్‌లో ఒక పెద్ద డాక్టరమ్మ దగ్గరికి పంపాడు. మా అమ్మను నేను అవ్వ అనే పిలుస్తాను. అవ్వా నేనూ పోయాం. ఆమె స్కానింగులన్నీ తిరగేసి, బొమ్మ గీసి మరీ చెప్పింది.

"నీ కిడ్నీకి పొయ్యే రక్తనాళం గోడ సాఫ్‌గ లేదు బాబూ. పూసలదండ లెక్క ఒకకాడ ఉబ్బి, ఒకకాడ సన్నబడ్డది. బీపీ అందుకే. గీ జబ్బున్నోళ్ళకు మెడల రక్తనాళాలు గూడ బలహీనంగ ఉండొచ్చు. లోపలి పొర చిరిగితే ఆ సందులకు రక్తం జొచ్చి గడ్డ కడ్తది. ఆ గడ్డ మెదడుకు పోతే పక్షవాతం."

నేను అప్పటికే కుర్చీలో నుంచి సగం లేచాను. "ఎట్ల చిరుగుతది మేడం?"

"బీపీ ఎక్కువుంటే ముప్పు ఎక్కువ. మెడకు దెబ్బ తగిలినా, ఎవరన్న గుంజి తిప్పినా చిరగొచ్చు. కటింగ్ షాపుల మెడ పట్టి టప్పున విరుస్తరు సూడు, నీకది అసలే వద్దు. తలమీద బరువులు వద్దు. ఒక్కోపారి కారణం లేకుండ గూడ అయితది. మెడల ఒక్కదిక్కు కొత్తగ నొప్పి లేసినా, తల వగిలినట్టున్నా, కనురెప్ప వాలినా, మాట తడబడినా ఆగకుండ దవాఖానకు రా. బీపీ గోలీలు మాత్రం రోజూ ఏసుకో."

బయటికి వచ్చేసరికి అవ్వ చెవిలో గోలీలు మిగిలాయి, నా చెవిలో మెడ మిగిలింది.

ఆ రోజు నుంచి నా మెడ నాది కాదు, ప్రభుత్వ ఆస్తి. దానికొక పట్టీ కొన్నాను. ఎవరైనా వెనక నుంచి పిలిస్తే బస్సు మలిపినట్టు మనిషినంతా మలిపేవాణ్ణి. కటింగ్ షాపు మానేశాను. జుట్టు పెరిగి కాలర్ మీదికి వచ్చినా సరే, కత్తెర పట్టినవాడిని నమ్మలేదు. తుమ్ము వస్తే రెండు చేతులతో తల పట్టుకుని కూర్చునేవాణ్ణి. ఖలీల్ చూసి చూసి ఒకరోజు విసుక్కున్నాడు.

"అరే సీనూ, డాక్టరమ్మ మెడ తిప్పొద్దన్నదా, విరవనియ్యొద్దన్నదా?"

"రెండు ఒక్కటే."

"ఒక్కటెట్లయితదిరా? తల్పు తెరుసుడు, తల్పు వలగ్గొట్టుడు ఒక్కటేనా?"

"నీ మెడ అయితే తెలుస్తుండె."

"మరి గోలీ?"

గోలీ సంగతి చెప్పాలి. మొదట్లో వేసుకున్నాను. తలనొప్పి పోయింది. తలనొప్పే పోయాక గోలీ దేనికి? పైగా మెడకు పట్టీ ఉండనే ఉంది. పొద్దున్నే గోలీ మింగేది ముసలివాళ్ళు కదా, పెళ్ళీడు మనిషిని నాకెందుకని మానేశాను. అప్పట్లో ఇది నాకు చాలా తెలివైన ఆలోచనలా అనిపించింది.

పెళ్ళీడు అన్నాను కదా, భైంసాలో సంబంధం వచ్చింది. పిల్ల పేరు లావణ్య. సొంతంగా టైలరింగ్ షాపు నడుపుతుంది. వాళ్ళ నాయన రాజన్న రైతుల దగ్గర పత్తి కొని మిల్లుకు పంపుతాడు. చూపులకు బయలుదేరుతుంటే అవ్వ అడ్డం నిలబడింది.

"కొడుకా, జబ్బు ముచ్చట ముందుగాల్నే చెప్పు. దాసిపెట్టుడు మంచిగుండదు."

"లగ్గం అయినంక చెప్తనే అవ్వా. ఇప్పుడే చెప్తే చాయ్ గూడ పొయ్యరు."

వాళ్ళింట్లో నన్ను గోడ గడియారానికి ఎదురుగా కూర్చోబెట్టారు. పిల్లను తెచ్చి నా ఎడమపక్కన కూర్చోబెట్టారు. పట్టీ ఇంట్లో విప్పి వచ్చాను, ఇక మెడ తిప్పే ధైర్యం అసలే లేదు. చాలాసేపు గడియారాన్నే ప్రేమగా చూశాను. చివరికి లేచి, కుర్చీని ఎత్తి ఎడమకు తిప్పి వేసుకుని కూర్చున్నాను. లావణ్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వాళ్ళ మేనత్త మాత్రం వినబడేలాగే అన్నది, "నిర్మల్ నుంచి పిల్లగాన్ని తెమ్మంటే కొయ్యబొమ్మను తెచ్చిండ్రు."

అయినా లావణ్య సరేనన్నది. ఎందుకు సరేనన్నదో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. దసరాకు రమ్మని రాజన్న మామ కబురు పెట్టాడు. పండుగ వెళ్ళగానే ముహూర్తం పెట్టుకుందామన్నాడు.

ఇక్కడ మా దసరా గురించి తెలియనివారికి ఒక మాట. సాయంత్రం జమ్మి ఆకును బంగారమని చేతిలో పెట్టి, కుడి భుజానికీ ఎడమ భుజానికీ హత్తుకుంటాం. అలయ్ బలయ్ అంటే అదే. ఆనాడు పగవాడు ఎదురైనా తప్పించుకోకూడదు. నేను తప్పించుకోవాలనుకున్నది మామను.

కండువా కింద మెడపట్టీ దాచి, ఖలీల్‌ను వెంటబెట్టుకుని వెళ్ళాను. వాకిట్లో కొత్త పత్తి కుప్ప పోసి ఉంది. మామ వచ్చినవాళ్ళను వచ్చినట్టు హత్తుకుంటున్నాడు. హత్తుకోవడమంటే మామూలుగా కాదు, మనిషిని లాగి, అటు కుదిపి, ఇటు కుదిపి, వీపు మీద చరిచి వదులుతున్నాడు. చూస్తుంటేనే నా మెడలో రక్తనాళాలు ఒకదాన్నొకటి పట్టుకుని వణుకుతున్నట్టు అనిపించింది. మూడుసార్లు చెప్పులు విడిచి మూడుసార్లు తొడుక్కున్నాను.

"దా అల్లుడా, దా," అని మామ చేతులు చాపాడు.

నేను జమ్మి ఆకు పట్టుకుని, చేయి ఎంత పొడవుంటే అంత దూరం నుంచి అందించాను.

"ఇదేంది, కరెంటు బిల్లు ఇచ్చినట్టు ఇస్తున్నవ్? దగ్గరికి రా."

"ఇక్కన్నుంచే దండం మామా."

"సిగ్గు వడుతుండు పిల్లగాడు," అని ఆయన ఒక అడుగు ముందుకు వేశాడు. నేను ఒక అడుగు వెనక్కి వేశాను. ఆయన ఇంకొక అడుగు వేశాడు. నేను ఇంకొకటి వేశాను. నవ్వుతున్న జనం నవ్వడం మానేశారు. మామ ముఖం ఎర్రబడింది.

"నా అలయ్ బలయ్ నీకు పనికిరాదా?"

"సీనూ, వెనుక సూడురా," అన్నాడు ఖలీల్.

వెనక చూడాలంటే మెడ తిప్పాలి. నేను తిప్పలేదు. కాలికింద తట్ట తగిలింది, ఆకాశం కనబడింది, ఆ తర్వాత పత్తి తప్ప ఏమీ కనబడలేదు.

నలుగురు కలిసి లాగితే తేలాను. నోట్లో పత్తి. కండువా జారిపోయి మెడపట్టీ ఊరందరికీ దర్శనమిచ్చింది. లేచి నిలబడేసరికి మెడలో ఎడమపక్క చురుక్కుమంది. తల దిమ్ముగా ఉంది. నవ్వుల ముచ్చట ఇక్కడ కాసేపు ఆపుతాను, ఎందుకంటే ఆ క్షణం నాకు నిజంగానే భయం వేసింది. ఒక్కదిక్కు నొప్పి అన్న డాక్టరమ్మ మాట చెవిలో మోగింది. అవ్వ కళ్ళ ముందు కనబడింది.

"మామా, నా మెడల నరం చిరిగినట్టుంది. దవాఖానకు తీస్కపోండ్రి."

కోపం ఎక్కడ పోయిందో గానీ ఆయన వెంటనే కారు తీశాడు. నిర్మల్ దాకా లావణ్య ముందు సీట్లో వెనక్కి తిరిగి కూర్చుని నా ముఖమే చూస్తూ వచ్చింది.

"మీకు ఏమయితే పరేషాన్ కావాల్నో చెప్పుండ్రి."

"కనురెప్ప వాలుతే, మాట తడబడుతే."

"అయితే మాట్లాడుతనే ఉండుండ్రి. నేను సూస్త."

మాట్లాడాను. ఆపితే పక్షవాతం వస్తుందన్నట్టు మాట్లాడాను. కిడ్నీ, పూసలదండ, కరీంనగర్, అవ్వ చెప్పమన్నా నేను దాచడం, చూపులనాటి గడియారం, అన్నీ వరుసగా బయటపడ్డాయి. మధ్యలో మామ ఒక్కసారి అద్దంలో నన్ను చూశాడు. ఆ చూపు తిట్టు కంటే ఎక్కువ తగిలింది.

ఆసుపత్రిలో నర్సు బీపీ చూసి, మిషన్ చెడిపోయిందేమోనని ఇంకొక మిషన్ తెచ్చి చూసి, ఉరుకుతూ పోయి డాక్టరును పిలుచుకొచ్చింది. స్కానింగ్ తీశారు. అది వచ్చేదాకా ఎవ్వరమూ కూర్చోలేదు.

"నాళాలు బాగనే ఉన్నయ్," అన్నాడు డాక్టరు. "గిట్ల వడ్డప్పుడు ఆగకుండ వచ్చిండ్రు, మంచి పని చేసిండ్రు. నొప్పి కండరాలది. మెడ ఎన్నాళ్ళ సంది తిప్పుతలేవు?"

"డాక్టరమ్మ చెప్పిన కాణ్ణుంచి."

"ఆమె తిప్పొద్దని చెప్పదే. ఎవరన్న గుంజొద్దని చెప్తది. అది వదిలెయ్. బీపీ గింత మీదికెట్ల పోయింది? గోలీలు ఏసుకుంటున్నవా?"

పట్టీ తీసేశారు, మెడ బాగుందన్నారు, అయినా నా తల పైకి లేవలేదు.

అప్పుడు లావణ్య దగ్గరికొచ్చింది. "మా షాపుల లోపలి బట్ట పలుచగున్నదని తెలిస్తే మిషిన్ స్పీడ్ తగ్గించి కుడుతం. మీరు గోలీలు బంద్ జేసి మిషిన్‌ను ఇష్టమొచ్చినట్టు ఉరికిచ్చి, పైనుంచి దుప్పటి కప్పి కూసున్నరు. జబ్బుకు నాకేం కోపం లేదు. దాసిండ్రు సూడుండ్రి, దానికున్నది."

"తప్పయింది," అన్నాను.

మామ కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు. "నేను పట్టుకుంటె సస్తవనుకున్నవారా?"

"గుంజుతరేమో అనుకున్న మామా."

"ఒక్క మాట చెప్తే మెల్లగ తీస్కుంటుంటి గద."

పెళ్ళయింది. పెళ్ళిలో ఖలీల్ కెమెరా పట్టుకుని, "తల జర ఎడమకు దోస్త్, ఇంక జర," అంటూ నా చేత ఎన్నిసార్లు మెడ వంపించాడో. పగ తీర్చుకున్నాడని నా అనుమానం.

ఆ మరుసటి దసరాకు భైంసా వెళ్ళాను. మామ వాకిట్లోనే చేతులు చాపి, సగంలో ఆగాడు.

"గోలీ ఏసుకున్నవా?"

"ఏసుకున్న మామా."

అప్పుడు పత్తిని ఎత్తినంత మెల్లగా హత్తుకున్నాడు. వెనకే మేనత్త వచ్చి, "గోలీ ఏసుకున్నవా కొయ్యబొమ్మా?" అన్నది. ఆమె వెనక హమాలీలు, పక్కింటివాళ్ళు, ఎన్నడూ చూడని పెద్దమనుషులు వరుసకట్టారు. అందరి చేతిలోనూ జమ్మి ఆకు, అందరి నోటా అదే ప్రశ్న. గోడవతల నుంచి ఎవరో, "గాయన ఏసుకున్నడట, ఇగ రాండ్రి," అని కేకేశారు.

కాబట్టి ఆ జమ్మి ఆకు సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట నా మెడను ఏ కటింగ్ షాపులోనూ విరవనివ్వను, ఏ అలయ్ బలయ్ నుంచీ తప్పించను, ఇంట్లోవాళ్ళ దగ్గర ఏ జబ్బూ దాచను. రోజూ పొద్దున్నే లావణ్య అరచేతిలో పెట్టుకుని నిలబడే ఆ గోలీ ముందు మాత్రం నోరెత్తకుండా మెడ వంచుతాను. అన్నట్టు, ఇవాళ్టిది ఇంకా వేసుకోలేదు. వంటింట్లో నుంచి పిలుపు వస్తోంది, పోయి వేసుకోవాలి.