కాలమ్ పుస్తకంలో రెండు కొట్టివేతలు

కొత్త కాలమ్ మూత విప్పగానే మెథనాల్ వాసన గుప్పుమంది. మునిరత్నం సార్ గుర్తొచ్చారు. కోలారు గనుల ల్యాబులో రాళ్లలో బంగారం ఎంతుందో తేల్చిన మనిషి. గనులు మూతపడ్డాక బంగారుపేటలో మందులు పరీక్షించే చిన్న ల్యాబుకు పెద్ద అధికారిగా వచ్చారు. నా మొదటి ఉద్యోగం ఆయన కిందే.

కాలమ్ అంటే జానెడు కూడా లేని స్టీలు గొట్టం. లోపల పిండికన్నా మెత్తని సిలికా, రేణువు రేణువుకూ కంటికి కనబడని రంధ్రాలు. మందును ద్రవంలో కలిపి పంపితే అందులోని పదార్థాలు విడివిడిగా బయటికొస్తాయి. మా పాత కాలమ్‌లో ఒక మాత్రలోని మందూ, దాని మలినమూ అంటుకునే వచ్చేవి. నడుమ గట్టి గింజ, పైన మాత్రమే రంధ్రాల పొర ఉన్న కొత్తరకం సిలికా వచ్చిందని విని, సార్ ఆరు నెలలు యజమాని వెంటపడి తెప్పించారు. ఆ రెండూ విడిపోయిన రోజు అందరికీ మైసూరుపాకు పంచారు.

మూడో వారంలోనే దాని ప్రాణం తీసిన పుణ్యం నాది. శనివారం ఇంటికెళ్లే ముళబాగిలు బస్సు తప్పిపోతుందని, పరీక్షకు వాడిన ఉప్పు ద్రావణం లోపలే వదిలేసి పరుగెత్తాను. నీళ్లతో కడిగినట్టు మాత్రం, రోజూ చేసిన పని రాసే కాలమ్ పుస్తకంలో ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాను. సోమవారం పొద్దున సార్ ఎప్పటిలాగే దాని కింద సంతకం పెట్టేశారు. మెథనాల్ ఎక్కించగానే ఉప్పు గడ్డకట్టి గొట్టం పూడుకుపోయింది. నా ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. ఇంట్లో జీతం తెచ్చేది నేనొక్కదాన్నే.

సార్ పుస్తకం తెచ్చి నా ముందు పెట్టి, వాళ్ల నాన్న సంగతి చెప్పారు. గనిలో డ్రిల్లు పట్టిన ఆయన ఊపిరితిత్తుల్లో ఈ సిలికా దుమ్మే పేరుకుందట. ఎవరో డాక్టరు స్టెతస్కోపు కూడా పెట్టకుండా, పరీక్షించినట్టు రాసి ఉబ్బసమన్నాడట.

"ఆ కాగితం నమ్మి మూడేండ్లు తప్పు మందు తాగినాడమ్మా మా నాయన. కాలమ్ పోతే ఇంగోటి వస్తాది. చెయ్యనిది చేసినట్టు రాస్తే, యాడో ఒకడు దాన్ని నమ్మి మాత్ర మింగుతాడు."

నాకు ఏడుపు ఆగలేదు. మా ల్యాబులో తప్పును చెరపకూడదు. పాత అక్షరాలు కనబడేలా ఒక్క గీత కొట్టి, పక్కన నిజం రాసి సంతకం చేయాలి. "కడగలేదు" అని రాశాను. సార్ పెన్ను తీసుకుని తన సంతకం మీదా గీత కొట్టి, పక్కన "చూడకుండా పెట్టాను" అని రాశారు. పుస్తకం చంకన పెట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని యజమాని గదికి నడిచారు.

చీవాట్లు ఇద్దరికీ సమానంగా పడ్డాయి. ఉద్యోగం మాత్రం పోలేదు.

సార్ ఇప్పుడు లేరు. పోయిన నెల నేను పంపిన ఒక రిపోర్టులో తప్పుందని నాకొక్కదానికే తెలిసింది. ఆ మందు కంపెనీకి ఫోన్ చేసి, తప్పు నాదేనని చెప్పాను. అలా చెప్పగలిగానంటే అది ఆయన దయే.