బంగళా దోవకు బెల్లం పూత

ఆ రోజుల్లో ఇటుకలు పరిచిన దోవ అంటే మా వైపు ఒక వింత. కర్నూలు, కడప జిల్లాల్లో రాతికి కొదవ లేదు; ఇంటి ముందు బండలు పరుచుకునేవాళ్లే తప్ప ఇటుకలు పరుచుకునేవాళ్లు లేరు. కోడుమూరుకు అవతల మా ఊరి మిషను బంగళాలో మాత్రం, పూర్వం ఏ దొరకు తన ఊరు గుర్తొచ్చిందో ఏమో, గేటు నుంచి వరండా మెట్ల దాకా ఎర్రిటుకలు పరిపించాడు. ఆ దోవ మైలు పొడుగుండేది. (మైలు కాదు లెండి. వరసగా ఐదారు ఎద్దులబండ్లు నిలబెడితే నిండిపోయేది. ఈ వయసులో నా జ్ఞాపకాలు కాస్త సాగుతాయి. మీరే కుదించుకుని చదువుకోవాలి.)

మా నాయన ఆ బంగళాలో వంటమనిషి. నేను ఎనిమిదో తరగతి మీద టీచరు ట్రైనింగు ముగించుకుని, నాయన వండిన అన్నం తింటూ ఖాళీగా ఉన్నాను. మిషను బడిలో ఒక పంతులు ఉద్యోగం ఖాళీ పడింది. అది ఇవ్వవలసింది బిషప్పయ్యగారు; ఆయన దొర కాదు, మా సీమ మనిషే. ఆయనతో ఒక మాట చెప్పవలసింది బంగళా దొరసానమ్మ. ఆమె మాట పడకపోతే నేను చెరువు కట్ట పనికి పోవలసిందేనని నాయన రోజూ పప్పు ఎనిపేటప్పుడు గుర్తుచేసేవాడు, ఒక్కొక్క మాటకు ఒక్కొక్క దెబ్బ కుండలో వేస్తూ.

అంతలో బిషప్పయ్యగారు వస్తున్నారని కబురు వచ్చింది. దొరసానమ్మ బైబిలు చదివే తెలుగు నేర్చుకున్న మనిషి. దోవ మీద నిలబడి, బండి కందెన మరకలనూ, సందుల్లో మొలిచిన గడ్డినీ చూసి నన్ను పిలిచింది.

"ఈ యిటుకలను శుభ్రపరచి, సందులలో నీరు దిగకుండ మూయుట నీ వెరుగుదువా?"

"ఎరుగుదును దొరసానమ్మా. కలెక్టరు బంగళా దోవకు నేనే చేసినా."

(కలెక్టరు బంగళాను నేను గోడ బయటి నుంచి చూశాను.)

"అట్లయిన, బిషపుగారు వచ్చినప్పుడు నీ సంగతి వారితో చెప్పుదును."

కడగడం వరకు నేను ఎవరికీ తీసిపోలేదు. కందెన మరకలకు బూడిద నీళ్లు పోసి నానబెట్టాను. చింతపండు రసంలో ఇసుక కలిపి, గోనెపట్టాతో ఒక్కొక్క ఇటుకనూ పెండ్లికొడుకు వీపు తోమినట్టు తోమాను. సందుల్లో గడ్డి మేకుతో పీకేశాను. ఇక మిగిలింది మూయడం. మా వైపు మిద్దె కారకుండా ఏం చేస్తారు? సున్నంలో కరక్కాయ నీళ్లు, బెల్లం నీళ్లు కలిపి దంచుతారు. మిద్దెను ఆపిన మందు దోవను ఆపదా? ఆపుతుంది. కానీ దొరసానమ్మ ముందే చెప్పింది: ఇటుకల ఎరుపు తప్ప ఇంకో రంగు కనబడకూడదట. సున్నం తెల్లగా కనబడుతుంది, తీసేశాను. కరక్కాయ నల్ల మరక పెడుతుంది, అదీ తీసేశాను. మిగిలింది బెల్లం.

చిక్కటి పాకం కాచి, ఇటుక పొడి కలిపి సందులన్నీ నింపాను. మిగిలిన పాకం పారబోయడానికి మనసు రాక, గుడ్డ ముంచి పైన కూడా పూశాను. సాయంత్రం ఎండలో ఆ దోవ అద్దంలా మెరిసింది. దొరసానమ్మ వరండాలోంచి చూసి "మిక్కిలి రమ్యముగా నున్నది" అంది. ఆ పూట నేను అప్పుడే పంతులునైపోయినట్టు చేతులు వెనక్కి కట్టుకుని నడిచాను.

తెల్లవారి నాయన గేటు దగ్గర నిలబడి నన్ను కేకేశాడు.

"ఏంరా, ఇది యాడి పనిరా? దోవకు పాకం పట్టినావే, లడ్లు చుట్టుకోనీకా?"

"మెల్లగా నాయనా, దొరసానమ్మ వింటాది."

"ఆయమ్మ వినేది నిదానం. వినాల్సినోళ్లు అప్పుడే విన్యారు, సూడు!"

చూశాను. వేపచెట్టు మొదట్లోంచి ఒక నల్లటి దారం బయలుదేరి దోవ వైపు వస్తోంది. గండుచీమలు. కోటి చీమలు. (కోటి అని నేను లెక్కపెట్టలేదు. లెక్కపెట్టేంత తీరిక ఉంటే ఊడ్చేసేవాణ్ణి.) నీళ్లు కొడదామంటే పాకం కరిగి ఇంకా పారుతుంది. వంటింటి బూడిద తెచ్చి అడ్డంగా గీత పోశాను. చీమలు కాసేపు ఆలోచించి, చుట్టూ తిరిగి వచ్చాయి. అవతలి గోడ నుంచి ఇంకో దారం మొదలైంది.

ఇంతలో బోర్డింగు ఆడపిల్లలు వచ్చేశారు. ఆ పొద్దే వచ్చే బిషప్పయ్యగారికి దోవ మీదే అటూ ఇటూ వరసలుగా నిలబడి స్వాగతం పాడాలి. అందరివీ వట్టి కాళ్లే. చెప్పులున్న ఒకరిద్దరు కూడా పెద్దాయన ఎదుట వేసుకోకూడదని గేటు బయటే విడిచారు.

"అక్కయ్యా, పిల్లోళ్లను కొంచెం ఎడంగా, మట్టిలో నిలబెట్టండి" అని బోర్డింగు అక్కయ్యను బతిమాలాను.

"ఎందుకప్పా? ఇంత సక్కగా మెరిసే దోవ ఉంటే మట్టిలో నిలబడాల్నా?"

ఎందుకో చెబితే ఉద్యోగం పోతుంది. చెప్పకపోతే పిల్లల కాళ్లు పోతాయి. నోరు తెరిచాను. కల్వర్టు దగ్గర మోటారు హారను మోగింది. నోరు మూశాను.

కారు గేటులోకి వచ్చింది. ఎండకు పాకం మెత్తబడి చక్రాలు 'చర్ర్' మంటూ, గోడ మీది కాగితం ఊడబెరికినట్టు కదిలాయి. పాట మొదలైంది. మొదటి చరణం బాగానే సాగింది. రెండో చరణంలో ముందు నిలబడిన పిల్ల, గొంతు పెద్దదని అందరూ గంటమ్మ అనేవాళ్లు, ఉన్నట్టుండి ఎవరూ నేర్పని పై స్థాయికి ఎగిరింది. పక్కపిల్ల ఇంకా పైకి పోయింది. వరస వరసంతా కాళ్లెత్తి దించుతూ, ఎత్తిన కాలికి పాకం సాగుతూ, కండ్లనీళ్లతో పాడుతున్నారు.

గంటమ్మ చరణానికీ చరణానికీ మధ్య నా వైపు తిరిగి పండ్ల సందుల్లోంచి అంది: "అన్నోవ్, కాళ్లు అంటుకోని రాకుండాయి! కరుస్తాండాయి! పాట అయిపోనీ, నీ పని సెప్తా!"

బిషప్పయ్యగారు కారు దిగారు. ఒక అడుగు వేశారు. రెండో అడుగుకు బూటు దోవ మీదే ఆగిపోయి, మేజోడు ఒక్కటే ముందుకు వచ్చింది. పాట ఆగింది. ఆయన తన కాలు చూసుకున్నారు. పిల్లల కాళ్లు చూశారు.

"ముందు బిడ్డలను తొట్టి దగ్గరికి తీసకపోండమ్మా. కాళ్లు కడగండి. మాటలన్నీ తరువాత" అన్నారు. పిల్లలు ఒక్క పరుగు తీశారు. అప్పుడు అడిగారు. "ఎవరు చేసినారప్పా ఈ పని?"

నేను సింహంలా ముందుకొచ్చి "నేనే" అన్నాను. (నాయన నా మెడ మీద చెయ్యి వేసి తోశాడు. 'నేనే' అన్నదీ నాయనే: "మా వాడే, అయ్యగారూ.")

"బెల్లం మిద్దెకు యాల వేస్తారో తెలుసునా?"

"సున్నం గట్టిపడనీకి, అయ్యా."

"మరి సున్నం యాడ?"

"తెల్లగా కనబడతాదని... వెయ్యలేదయ్యా."

డ్రైవరు మొదట నవ్వాడు. ఆ తరువాత ఎవరు నవ్వలేదో నాకు గుర్తులేదు, దొరసానమ్మ తప్ప. ఆమె మొహం ఇటుకలకంటే ఎర్రగా ఉంది. "ఈ దోవ ముందున్నట్లు అగువరకు ఇతని సంగతి నేను చెప్పను" అంది.

ఆ వేసవంతా వేణ్ణీళ్లు, గోనెపట్టా, మేకు పట్టుకుని ఆ దోవ మీద మోకాళ్ల మీదే ఉన్నాను. ఒక సందు శుభ్రం చేస్తే రెండో సందులో చీమలు గుడ్లు పెట్టేవి. విసుగొచ్చి మేకు విసిరికొడదామని తలెత్తిన ప్రతిసారీ దొరసానమ్మ వరండాలో పేము కుర్చీలో కూర్చుని నన్నే చూస్తుండేది. మళ్లీ తలవంచేవాణ్ణి. చివరికి ఒకనాడు ఆమె చెప్పులు విడిచి, వట్టి కాళ్లతో గేటు దాకా నడిచి వెనక్కి వచ్చింది.

"నీవు పిల్లలకు చదువు చెప్పుటకు తగుదువు. ఏలయనగా నీకు విసుగు లేదు" అని, లోపలికి పోయి బిషప్పయ్యగారికి ఉత్తరం రాసింది.

నాకు లేనిదల్లా ఆ ఓపికేనని ఆమెకు ఎవరు చెప్పాలి? ఉద్యోగమంతా, ఎక్కాలు రాని పిల్లవాడి మీద చెయ్యి లేచినప్పుడల్లా, తలుపు దగ్గర ఎవరో కుర్చీలో కూర్చుని చూస్తున్నట్టే ఉండేది. చెయ్యి దించి మళ్లీ మొదటి నుంచి చెప్పేవాణ్ణి. ఆమె నా గురించి పొరపాటు పడింది. ఆ పొరపాటును నిజం చేయడానికి నాకు పంతులుగిరీ అంతా పట్టింది. పూర్తిగా నిజం చేశాను. (పూర్తిగా అంటే, నా దగ్గర చదువుకున్నవాళ్లను మాత్రం అడగకండి.)