పత్తి ఆకు ఎంత ఎర్రబడింది?

2011 సంవత్సరం. తార్నాక నుంచి లాలాపేట్ వెళ్ళే దారిలో నాకొక చిన్న కలర్ ల్యాబ్ ఉండేది. రెండు కంప్యూటర్లు, ఒక పెద్ద ప్రింటర్, బూడిద రంగు వేసిన గోడలు. వచ్చినవాళ్ళంతా ఆ గోడల గురించే అడిగేవారు. పక్కన ఆకుపచ్చ గోడ ఉంటే ఫొటోలోని ముఖం కంటికి ఎర్రగా అనిపిస్తుంది. అందుకని రంగులతో పనిచేసే గదికి రంగు ఉండకూడదు. పెళ్ళి ఫొటోగ్రాఫర్లు తెచ్చిన ఫొటోలు సరిచేసి ఆల్బమ్‌లు వేయడం నా ప్రధానమైన పని. యూనివర్సిటీ క్యాంపస్ దగ్గరే కాబట్టి పరిశోధక విద్యార్థులు కూడా థీసిస్ ఫొటోల కోసం వచ్చేవారు.

మా వాళ్ళది తెనాలి. నాన్నగారి ఉద్యోగం వల్ల నేను పుట్టింది, పెరిగింది హబ్సిగూడలో. ఆ రోజుల్లో ఎవరితో పరిచయమైనా ఈ సంగతి మొదటి అయిదు నిమిషాల్లోనే బయటికి వచ్చేది.

అసలు విషయానికి వచ్చేముందు రా ఫైల్ అంటే ఏమిటో చెప్పాలి. మామూలుగా మనం చూసే జేపెగ్ ఫొటో వండి వడ్డించిన అన్నం లాంటిది. వెలుగు, రంగు, పదును అన్నీ కెమెరాయే సరిచూసి ఇస్తుంది. రా ఫైల్ బియ్యం. కెమెరా సెన్సర్ మీద పడ్డ వెలుగు ఎంతో అంత నమోదై ఉంటుంది. దాన్ని ఫొటోగా వండటానికి ఒక సాఫ్ట్‌వేర్ కావాలి. ఒకే ఫైలును మూడు సాఫ్ట్‌వేర్లలో తెరిస్తే మూడు రకాల ఫొటోలు వస్తాయి.

అంతకు రెండేళ్ళ ముందు నేను అలాగే మూడింటిని పక్కపక్కన పెట్టి పరీక్షించాను. ఒకటి కెమెరాతో పాటు వచ్చేది, మహా నిదానం. రెండోది ఉచితంగా దొరికేది, ప్రతి అంకె మనమే దిద్దుకోవాలి. మూడోది తెరవగానే పట్టుచీర ఎరుపు ధగధగలాడింది, పెళ్ళికూతురి ముఖం కళకళలాడింది. వెయ్యి ఫొటోలు ఒక్క పూటలో తేల్చేసేది. ఇంకేం ఆలోచించను? మూడోదాన్నే తీసుకున్నాను. మంచి నిర్ణయం తీసుకున్నానని నాకు గట్టి నమ్మకం.

స్వరూప 2010 చలికాలంలో మొదటిసారి వచ్చింది. నల్గొండ జిల్లాలో పత్తి పండించే కుటుంబం. క్యాంపస్‌లో పత్తి ఆకు ఎర్రబడే జబ్బు మీద పీహెచ్‌డీ చేస్తోంది. డిపార్ట్‌మెంట్ వెనక వల కప్పిన షెడ్డులో కుండీల్లో రెండు రకాల పత్తి పెంచింది. కొన్నిటికి మెగ్నీషియం పిచికారీ చేసింది, కొన్నిటికి చేయలేదు. ఏ ఆకు ఎంత ఎర్రబడిందో సున్నా నుంచి అయిదు దాకా మార్కులు వేసుకోవాలి. మామూలుగా అయితే మొక్క ముందు కూర్చునే వేసేదట. కానీ ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం వేడి మీద ఉంది. ఒకరోజు బంద్, ఒకరోజు ర్యాలీ, ఇంకోరోజు గేట్లు మూత, మధ్యలో బాష్పవాయువు.

"అక్కా, గంట టైం దొరికితే ఉరికి ఫొటోలు తీస్కొస్తున్న. మార్కులు ఎన్కనుంచి హాస్టల్‌ల కూసొని ఏస్త. నువ్వైతే మంచిగ ప్రింట్లు తీసియ్యి," అంది.

వారం వారం కెమెరా మెమరీ కార్డు తెచ్చేది. నేను అన్నిటినీ సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించి ప్రింట్లు తీసి ఇచ్చేదాన్ని. ఆ ప్రింట్లు చూసే ఆమె మార్కులు వేసింది. అవే ఆమె పరిశోధనకు ఆధారాలయ్యాయి. నాకు మాత్రం అది ఇంకో ఆల్బమ్ పనిలాగే అనిపించింది.

2011 ఆగస్టులో ఒక మధ్యాహ్నం స్వరూప వచ్చి కుర్చీలో కూలబడింది. చేతిలో ఒకే ఆకు ఫొటోలు రెండు. ఒకటి నేను ఇచ్చిన ప్రింటు. రెండోది రా ఫైలుతో పాటే కెమెరా తనంతట తాను తయారుచేసిన జేపెగ్. నా ప్రింటులో ఆకు దాదాపు కుంకుమ రంగులో ఉంది. రెండోదాంట్లో అంచులు మాత్రమే ఎర్రబడ్డాయి.

"రివ్యూ కమిటీల ఒక మేడమ్ రెండూ పక్కపక్కన పెట్టి చూసిందక్కా. రిజల్ట్ రావాలని కలర్ పెంచినవా అని అడిగింది. రెండూ తీస్కొని సీదా నీ దగ్గరికే వచ్చిన." ఫొటోలు రెండూ నా బల్ల మీద పరిచింది. "నా రూమ్మేటేమో ఆంధ్రోళ్ళ షాపుకు ఎందుకిచ్చినవ్ అంటది. నేను లడాయి పెట్టుకున్న. ఇప్పుడు నువ్వే చెప్పు, నువ్వేమన్న పెంచినవా?"

"లేదు స్వరూపా. నేను వేలు కూడా పెట్టలేదు," అన్నాను.

వేలు పెట్టలేదన్నది నిజమే. మరి పెట్టిందెవరు?

ఆమె ముందే పాత హార్డ్‌డిస్క్ తీశాను. అదృష్టవశాత్తూ రా ఫైళ్ళన్నీ భద్రంగా ఉన్నాయి. సాఫ్ట్‌వేర్ సెట్టింగులు తెరిచి చూస్తే విషయం తెలిసిపోయింది. పెళ్ళి పనుల కోసం నేను రెండేళ్ళ కిందట పెట్టుకున్న ప్రొఫైల్, అంటే రంగులు ఎలా కనిపించాలో చెప్పే సూత్రం, ప్రతి ఫొటోకూ పడింది. పట్టుచీరను మెరిపించిన ఎరుపే పత్తి ఆకు మీదా కూర్చుంది. అంతకంటే ఘోరం ఇంకొకటి. ఆటో వైట్ బ్యాలెన్స్ ఆన్‌లో ఉంది. అది ఫొటోలోని తెలుపు ఏదో సాఫ్ట్‌వేర్ తనే ఊహించుకుని మిగతా రంగులు దిద్దే పద్ధతి. నీడలో తీసిన ఫొటోలు నీలంగా ఉన్నాయనుకుని వాటికి మోతాదుకు మించి వెచ్చదనం కలిపింది. వెచ్చదనం కలిపితే నీలం తగ్గి ఎరుపు పెరుగుతుంది.

"రెండో రకం కుండీలు ఎక్కడ పెట్టావు?" అని అడిగాను.

"గోడ పక్కకు. ఎండ తక్కువ ఉంటది గాడ."

అంటే నీడలో ఉన్న ఆ కుండీల ఫొటోలకే ఎక్కువ ఎరుపు పడింది. స్వరూప థీసిస్‌లో రెండు ముఖ్యమైన మాటలున్నాయి. మెగ్నీషియం చల్లితే ఆకు ఆలస్యంగా ఎర్రబడుతుందన్నది ఒకటి. రెండో రకం పత్తి మొదటిదానికంటే ముందే ఎర్రబడుతుందన్నది ఇంకొకటి. ఆ రెండో మాట పత్తి వల్ల వచ్చిందో, నా సాఫ్ట్‌వేర్ వల్ల వచ్చిందో తెలియదు. మొక్కలు ఎండిపోయి నెలలు గడిచాయి. మిగిలింది రా ఫైళ్ళే.

ఆమె కన్నీళ్ళు పెట్టుకుంటుందనుకున్నాను. "మల్ల చేద్దాం అక్కా. మొదటికెల్లి," అంది.

ఈసారి ఉచిత సాఫ్ట్‌వేర్ తీశాను. నేను చెప్పనిదే అది ఒక్క అంకె కూడా కదపదు. ఒకప్పుడు నాకు చిరాకు తెప్పించిన ఆ గుణమే ఇప్పుడు కావాల్సి వచ్చింది. ఆకు కొలత తెలియడానికి స్వరూప అప్పట్లోనే ప్రతి ఫొటోలోనూ ఒక తెల్ల ప్లాస్టిక్ స్కేలు పెట్టింది. స్కేలు ఒక్కటే, దాని తెలుపు ఒక్కటే. ప్రతి ఫైలులోనూ ఆ తెలుపు ఒకేలా వచ్చేట్టు వైట్ బ్యాలెన్స్ దిద్దాను. ప్రొఫైల్ అన్నిటికీ ఒకటే, ఏ మెరుపూ లేనిది. చేసిన ప్రతి మార్పూ పక్కన ఒక చిన్న ఫైలులో నమోదయ్యేది. అసలు రా ఫైలు చెక్కుచెదరలేదు. తర్వాత కుండీ నంబర్లు కనిపించకుండా ఫొటోల పేర్లు మార్చి కలిపేశాను. వాటికి స్వరూప మార్కులు వేయలేదు. పత్తి సంగతేమీ తెలియని ఇద్దరు స్నేహితురాళ్ళతో వేయించింది.

పదిరోజులు పట్టింది. మెగ్నీషియం మాట నిలబడింది. రెండో మాట కూలిపోయింది. రెండు రకాలూ ఇంచుమించు ఒకేసారి ఎర్రబడ్డాయి.

కమిటీ మళ్ళీ కూర్చునేసరికి సెప్టెంబరు వచ్చింది, సకల జనుల సమ్మె మొదలైంది. బస్సుల్లేవు. ఫైళ్ళు, రెండు సాఫ్ట్‌వేర్లూ ఉన్న ల్యాప్‌టాప్‌ను నా భుజాన వేసుకుని, రంగులు సరిగా చూపించే నా మానిటర్‌ను దుప్పట్లో చుట్టి, ఇద్దరం చెరోవైపు పట్టుకుని తార్నాక నుంచి నడిచాం. క్యాంపస్ గేటు దగ్గర విద్యార్థులు ఆపారు.

"ఏందక్కా అది?" అని ఒకతను స్వరూపను అడిగాడు.

"నా పత్తి చెట్లు తమ్మీ," అంది.

నేను దారి ఇవ్వమని అడిగేసరికి అతను నా వైపు తిరిగాడు. "మీది ఏ ఊరు మేడమ్?"

"తెనాలి. ఉండేది హబ్సిగూడ."

అతను అడ్డంగా పెట్టిన ఇనుప కమ్మీని పక్కకు లాగాడు. "జర పైలం. ముందట రోడ్డు మీద రాళ్ళున్నయ్."

కమిటీ గదిలో నలుగురున్నారు. ప్రశ్న వేసిన మేడమ్ మధ్యలో కూర్చుంది. స్వరూప ఏదీ దాచలేదు. తన రెండో ఫలితం తప్పని తనే ముందు చెప్పింది. మేడమ్ నా వైపు చూసింది.

"అంటే ఈ ఎరుపు పెంచింది ఎవరు?"

"నేనేనండీ," అన్నాను. "తెలిసి పెంచలేదు. కానీ నా సాఫ్ట్‌వేర్, నా సెట్టింగు. ఈ అమ్మాయికి ఇందులో ఏ పాపమూ తెలియదు."

"మీ పనే రంగులు కదమ్మా. తెలియకపోవడం ఏమిటి?"

తెలుసుకుని ఉండాల్సింది. ఆ మాటే ఒప్పుకున్నాను. ఆవిడ మానిటర్ దగ్గరికి వచ్చి నిలబడి ఒక్కో ఆకును రెండు సాఫ్ట్‌వేర్లలోనూ తెరిపించుకుంది. స్కేలు తెలుపును అంకెల్లో చూపించమంది. నలభై ఫైళ్ళు చూశాక స్వరూప భుజం తట్టింది.

"తప్పు దొరికినప్పుడు చాలామంది ఫొటో మారుస్తారు. నువ్వు థీసిస్ మార్చుకున్నావు. పో, ఒక్క సీజన్ మళ్ళీ పెంచు."

స్వరూప మళ్ళీ పెంచింది. ఈసారి కుండీలన్నీ ఒకే వెలుగులో పెట్టింది, ప్రతి ఫొటోలో స్కేలు పక్కనే బూడిద రంగు కార్డు కూడా ఉంచింది. ఫలితం మారలేదు. ఏడాది ఆలస్యంగా థీసిస్ సమర్పించింది. రెండు రకాల మధ్య తేడా లేదన్న సంగతికి కూడా అందులో ఒక అధ్యాయం ఇచ్చింది. నాకిచ్చిన ప్రతిలో కృతజ్ఞతల పేజీకంటే నేను ఎక్కువసార్లు చదువుకున్నది ఇంకో పేజీ. ఏ సాఫ్ట్‌వేర్ వాడాం, ఏ సెట్టింగు ఎంత పెట్టాం అన్నది వరుసగా రాసిన పేజీ అది. మా పనిని అంత మర్యాదగా ఎవరైనా రాయడం నేను అంతకుముందు చూడలేదు.

పెళ్ళిళ్ళకు ఇప్పటికీ ఆ మెరుపు సాఫ్ట్‌వేరే వాడుతున్నాను. ఆ పనికి దాన్ని మించినది లేదు. డాక్టర్లు, వకీళ్ళు, పరిశోధకులు తెచ్చే ఫొటోలు మాత్రం ఉచిత సాఫ్ట్‌వేర్ ఉన్న రెండో కంప్యూటర్‌లోకి వెళతాయి. ఏ సాఫ్ట్‌వేర్ మంచిదని కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్ళు అడుగుతుంటారు. ఆ ప్రశ్నకు నేను వెంటనే జవాబు చెప్పను. ఈ ఫొటో చూసి ఎవరు ఏం నిర్ణయించబోతున్నారని ముందు వాళ్ళనే అడుగుతాను. అది తెలిశాక సాఫ్ట్‌వేర్ ఎంచుకోవడానికి పది నిమిషాలు చాలు.